సర్దార్జీ తలనీలాలు

అమృత్‌సర్ పోవడానికి మూడు రోజులు రైల్లో కూర్చున్నాను. ఆ మూడు రోజుల్లో సరిగ్గా నిద్రపోయిందీ లేదు, సరిగ్గా మేలుకొని ఉన్నదీ లేదు. రేణిగుంటలో కిటికీ పక్క సీటు దొరికిందని మా ఆయన ఏదో గెలిచినవాడిలా కూర్చున్నాడు. నాగపూర్ దాటేసరికి ఆ కిటికీ సందుల్లోంచి వచ్చే చలికి తువ్వాలు చెవులకు కట్టుకుని, ఈ ప్రయాణం ఎవరి కోసమో తనకు తెలియనట్టు నా వైపు చూడటం మొదలుపెట్టాడు.

ఎవరి కోసమో ఆయనకు బాగానే తెలుసు. నేను ఒక మొక్కు మొక్కాను. నా జుట్టు కాదు, నా మొగుడి జుట్టూ కాదు, ఒక సిక్కు లారీ డ్రైవర్ తలనీలాలు ఇప్పిస్తానని ఏడుకొండలవాడికి మొక్కాను. ఆయన్ని అడక్కుండా మొక్కాను. ఇప్పుడు అడగడానికి పోతున్నాను. చదివేవాళ్ళకు నవ్వొస్తుందని తెలుసు. నాకు మాత్రం ఆ రోజుల్లో నవ్వే ఓపిక లేదు.

మాది రాయచోటి పక్క పల్లె. పదో తరగతి చదివాను, పెళ్ళయింది, ఇద్దరు పిల్లల్ని అత్త దగ్గర వదిలి కువైట్‌లో ఇంటిపనికి పోయాను. మా కఫీల్‌కు, అంటే నన్ను పనికి పిలిపించుకున్న యజమానికి, సులైబియాలో గోదాములు ఉండేవి. ఆ గోదాముల్లో లారీ తోలేవాడు సర్దార్జీ. యాభై దాటిన మనిషి. నెలకోసారి ఇంటికి బియ్యం మూటలు, నూనె డబ్బాలు దించిపోయేవాడు. "బాగున్నావా బహెన్?" అనేవాడు. "బాగున్నా" అనేదాన్ని. రెండేళ్ళలో మా మధ్య నడిచిన మాటలు అంతే. ఆయనది పంజాబీ కలిసిన హిందీ, నాది రాయచోటి ఉర్దూ. ఇక్కడ అన్నీ తెలుగులోనే రాస్తున్నాను.

ఆగస్టులో ఇరాక్ సైన్యం ఊళ్ళోకి వచ్చింది. వారం తిరిగేలోగా మామా, ఇంటావిడను పనివాళ్ళు పిలిచేది అలాగే, పిల్లల్ని కార్లో ఎక్కించి తాళాల గుత్తి నా చేతిలో పెట్టింది. "రెండు రోజులు" అంది. ఎడారి దారి పట్టి సౌదీకి పోయారు. కారు వెనక సీట్లో టీవీ పెట్టుకున్నారు. ఆ జాగాలో నేను పట్టేదాన్ని. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

నాలుగు రోజులకు సైనికులు వచ్చి గోడలకున్న ఏసీలు ఊడదీసుకుపోయారు. వంటింట్లో గ్యాసు బండ వెనక దాక్కున్నాను. వాళ్ళు ఫ్రిజ్‌లో ఉన్న పెరుగు కూడా నిలబడి తినిపోయారు. మర్నాడు ఇంటి ముందు లారీ ఆగింది. సర్దార్జీ దిగి, "రెండు జతల బట్టలు తీసుకో. ఒక్కదానివి ఇక్కడ ఉండొద్దు" అన్నాడు. ఎక్కడికని అడగలేదు. ఎక్కాను.

తీసుకుపోయింది కువైట్ నగరంలోనే ఉన్న మిర్కాబ్‌కు. దర్జీ అంగళ్ళ పైన మూడు గదుల ఇల్లు. ఒక గదిలో కడప, రాయచోటి ఆడవాళ్ళం ఏడుగురం. మగవాళ్ళంతా మేడ మీద. సర్దార్జీ తెల్లవారకముందే పోయి రొట్టెల దుకాణం ముందు వరుసలో నిలబడి, ఎండ ముదిరాక ఖుబూస్ రొట్టెలు తెచ్చి తలా ఒకటి పంచేవాడు.   ఐదు వారాలు అలా గడిచాయి.

ఆ ఇంట్లో నాకు వింతగా తోచింది ఒకటే. స్నానానికి నీళ్ళు లేవు, సబ్బు లేదు, మా తలల్లో పేలు పడ్డాయి. దువ్వెన పట్టాలనే ఆశ కూడా ఎవరికీ లేదు. సర్దార్జీ మాత్రం రోజూ పొద్దున మేడ మీద ఒక మూల కూర్చుని తలపాగా విప్పేవాడు. నడుము దాకా నెరిసిన జుట్టు. చిన్న కొయ్య దువ్వెనతో నెమ్మదిగా దువ్వి, దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు ఒక్కటి కూడా పారేయకుండా వేలికి చుట్టి, ఖాళీ పాలపొడి డబ్బాలో వేసి మూత పెట్టేవాడు.

"తల దువ్వుకునే కాలమా సర్దార్జీ ఇది?" అని ఒకరోజు అడిగాను. అలవాటు కొద్దీ బట్టలారేసే తీగ దగ్గరికి పోయి, ఆరేయడానికేమీ లేక నిలబడి ఉన్నాను.

"దేవుడు ఇచ్చింది. పోయేదాకా చూసుకోవాలి కదా బహెన్."

"మరి ఊడినవి ఎందుకు దాస్తావు?"

"ఊడినా నావే కదా" అన్నాడు. ఇంత పిచ్చి మనిషి చేతిలో పడ్డామే అనుకున్నాను.

సెప్టెంబరులో బయల్దేరాం. అదే లారీ. వెనక గోనెసంచుల మీద మేం ఏడుగురం. బస్రా దాటి, బాగ్దాద్ దాటి, జోర్డాన్ పోవాలి. బస్రా దాటాక మధ్యాహ్నం ఒక తనిఖీ దగ్గర ఆపారు. ఎండ నెత్తిన కాలుతోంది. ఒక సైనికుడు మా మూటలు విప్పదీసి చూశాడు. ఏమీ దొరక్క డ్రైవర్ సీటు కింద చెయ్యి పెడితే పాలపొడి డబ్బా తగిలింది. బంగారమనుకున్నాడో ఏమో, వాడి ముఖం వెలిగింది. మూత తీసి లోపలికి వేళ్ళు పెట్టాడు. వెంట్రుకలు. ఛీ అని డబ్బా విసిరికొట్టాడు. వెంట్రుకల చుట్టలు ఇసుకలో దొర్లాయి.

సర్దార్జీ లారీ దిగి, మోకాళ్ళ మీద కూర్చుని వాటిని ఏరడం మొదలుపెట్టాడు. "యల్లా, యల్లా" అని, కదలమని సైనికుడు అరుస్తున్నాడు. ఆయన ఏరుతూనే ఉన్నాడు. ఇసుకతో పాటు పిడికిళ్ళతో ఎత్తి డబ్బాలో పోసుకుంటున్నాడు. నేను పైనుంచి అరిచాను. వెంట్రుకల కోసం మమ్మల్ని చంపుతావా అని తిట్టాను. నిజంగా తిట్టాను. అంత పట్టుదలగా ఏరుతుంటే అందులో ఏదో దాచాడని వాళ్ళకు అనుమానం వచ్చింది. ఇద్దరు వచ్చి, చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని రోడ్డు పక్క గోడ వెనక్కి లాక్కుపోయారు.

గంట సేపు ఆయన రాలేదు. మమ్మల్ని దింపి ఎండలో నిలబెట్టారు. ఇసుకకు చెప్పుల అడుగులు కాలుతుంటే వాటిలోనే ఒక కాలు మార్చి ఒక కాలు మోపుతూ నిలబడ్డాం. లారీ తోలడం మాలో ఎవరికీ రాదు. ఆయన రాకపోతే ఆ ఎడారిలో మా గతేమిటో అందరికీ తెలుసు. నా పక్కనున్న కడప సాయిబుల ఆవిడ కళ్ళు మూసుకుని పెద్ద దర్గాకు చాదర్ మొక్కింది. నేనూ చేతులు జోడించాను. మా ఇంట్లో జ్వరమొచ్చినా, కాన్పు కష్టమైనా, ఎద్దు తప్పిపోయినా నోటికొచ్చే మొక్కు ఒకటే. అదే వచ్చింది. "స్వామీ, ఈ మనిషిని ప్రాణాలతో పంపు. ఆయన తలనీలాలు నీకిప్పిస్తా."

గోడ పక్క నుంచి సర్దార్జీ వచ్చాడు. తలపాగా చేతిలో ఉంది. విప్పి వెతికారు కాబోలు. నెరిసిన జుట్టు భుజాల మీద, వీపు మీద విరబోసుకుపోయి ఉంది. పెదవి చిట్లింది. ఆ జుట్టు చూశాక నేను ఏం మొక్కానో నాకు తెలిసింది. ఊడిన వెంట్రుకల కోసం తుపాకీ ముందు మోకరిల్లిన మనిషి తలకు నేను గుండు మొక్కాను. ఆయన లారీ అద్దంలో చూసుకుంటూ తలపాగా చుట్టుకుని, డబ్బా మళ్ళీ సీటు కింద పెట్టుకుని, ఎక్కండన్నాడు. అమ్మాన్ దాకా నేను ఆయన ముఖం చూడలేదు.

అమ్మాన్‌లో డేరాల్లో పెట్టారు. ఆడవాళ్ళను ముందు విమానం ఎక్కించారు. విడిపోయేటప్పుడు సర్దార్జీ బిస్కెట్ల అట్ట చింపి తన ఇంటి చిరునామా రాసిచ్చాడు. "ఎప్పుడైనా మా ఊరు రా. మీ ఆయన్ని తీసుకుని రా. కుల్చాలు తినిపిస్తా" అన్నాడు. తలూపాను. 

ఇంటికొచ్చాక రోజూ సాయంత్రమయ్యేసరికి జ్వరం. సూదులు, మాత్రలు అయ్యాయి. ఒకరోజు మా అత్త నా మంచం పట్టె మీద కూర్చుని అడిగింది.

"ఏమ్మా, ఆడ ఏమన్నా మొక్కినావా? మొక్కి మర్సిపొయినావా?"

చెప్పాను. అత్త లెంపలేసుకుంది. "నావి ఇస్తే సాలదా అత్తా?" అన్నాను.

"ఎవురి పేరు సెప్పినావో వాళ్ళవే ఇయ్యల్ల. నీకు జొరంతో పోతాంది. ఆయప్పకేం ముంచుకొస్తాదో ఏమో."

నన్ను పట్టుకున్నది ఆ చివరి మాటే. నా జ్వరం నేను భరిస్తాను. నన్ను మోసుకొచ్చిన మనిషికి నా మొక్కు వల్ల కీడు జరిగితే ఎలా బతకాలి? అట్ట ముక్క మీది చిరునామాకు ఉత్తరం రాయించాను. ఇరవై రోజులకు జవాబొచ్చింది. క్షేమంగా చేరాడు. రమ్మన్నాడు. క్షేమంగా ఉన్నాడని తెలిసి ఏడ్వాల్సింది పోయి, ఇంక తప్పదు, అడగాలి, అని నీరసపడ్డాను.

అలా జనవరిలో రైలెక్కాం. ఢిల్లీలో బండి మారేసరికి పొగమంచు. రైలు నడిచేది కొంచెం, నిలబడేది ఎక్కువ. పెట్టెలో ఎవరి దగ్గరో రేడియో ఉంది. బాగ్దాద్ మీద బాంబులు పడుతున్నాయని చెబుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు చెవులు రిక్కించి, క్రికెట్ గురించి మాట్లాడినట్టు మాట్లాడుకుంటున్నారు. నేను దుప్పటి కప్పుకున్నాను. మేం నీళ్ళు తాగిన కొళాయి, మిర్కాబ్ మేడ, ఆ తనిఖీ గోడ, ఏది ఉందో ఏది లేదో.

మా ఆయన నా చెవి దగ్గరికి వంగాడు. "ఏమ్మే, అడిగేదెందుకు? ఆయప్ప నిద్రపోయినప్పుడు వెనకాల నాలుగెంటికలు కత్తిరిస్తే సరిపాయె. దేవునికి నాలుగైతే ఏమి, నలబై అయితే ఏమి?" అంటూ సంచిలోంచి చిన్న కత్తెర చూపించాడు. రాయచోటి సంతలో కొన్నాడట. ఇంటి దగ్గరే ఆలోచన చేసుకుని వచ్చాడన్నమాట.

"సిగ్గులేదా?" అన్నాను.

"నీకుండిందా మొక్కేటప్పుడు?" అన్నాడు. 

పంజాబ్‌లో గొడవలున్న రోజులవి. అంబాలా దాటాక పోలీసులు ఎక్కి సంచులన్నీ వెతికారు. కత్తెర బయటపడింది. "దర్జీవా?" అన్నాడు పోలీసాయన. "ఔను సార్" అన్నాడు మా ఆయన, పుట్టినప్పటి నుంచి బట్టలు కుట్టినవాడిలా. పోలీసులు దిగిపోయాక కత్తెర నేను తీసుకున్నాను. చాలా సేపటికి రైలు ఒక పెద్ద వంతెన ఎక్కింది. బియాస్ నది అన్నారు. మంచులో నీళ్ళు కనపడలేదు. కిటికీ ఎత్తి కత్తెర విసిరేశాను.  చలికి మా ఆయనే కిటికీ మూశాడు.

అమృత్‌సర్ స్టేషన్లో సర్దార్జీ ఉదయం నుంచీ నిలబడి ఉన్నాడట. బండి ఆరు గంటలు ఆలస్యం. నన్ను చూసి నవ్వాడు. పెదవి మీద మచ్చ మిగిలింది. మా ఆయన్ని గట్టిగా కౌగిలించుకుంటే ఈయన ముఖం చూడాలి. ఇరుకు సందులో పాత ఇటుకల ఇల్లు. ఆయన భార్య మొక్కజొన్న రొట్టెలు, ఆవాకు కూర పెట్టి, పైన ఇంత వెన్న వేసింది. నాకు మూడు రోజుల తర్వాత వేడి తిండి. ఆకలి తెలిసింది. మా ఆయన మాత్రం "అన్నం?" అని నా మోచేయి గిల్లాడు. ఆవిడ ఎలా కనిపెట్టిందో, అన్నం వండి తెచ్చింది. అందులో చక్కెర, నెయ్యి, యాలకులు వేసింది. మూడు రోజులుగా చారన్నం కలలుగన్న మనిషి ఆ తీపి అన్నాన్ని మందు మింగినట్టు మింగాడు.

గిన్నెలు తీసేశాక చెప్పేశాను. ఎదురుగా ఆవిడ కూడా ఉంది. ఎండ, గోడ, చేతులు జోడించడం, నోట్లోంచి వచ్చిన మాట, ఏదీ దాచలేదు. "తప్పయింది సర్దార్జీ. ఏం చేయాలో నాకు తెలియడం లేదు" అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. చెయ్యి ఒకసారి తలపాగా మీదికి పోయి వచ్చింది. "పొద్దున దర్బార్ సాహిబ్‌కు పోదాం" అని మాత్రం అని, లేచి లోపలికి పోయాడు. ఆవిడ నా మీద దూది రజాయి కప్పింది. కళ్ళు మూసుకున్నాను గానీ పక్క గదిలో ఆయన దగ్గు వినపడుతూనే ఉంది.

పొద్దున దర్బార్ సాహిబ్‌కు, అంటే బంగారు గుడికి పోయాం. గుడి దగ్గర చెప్పులు తీసుకునే గది ఉంటుంది. సర్దార్జీ మాతో రాకుండా ఆ గదిలోకి దూరి, అటువైపు నిలబడి, నా చెప్పుల కోసం చేతులు చాపాడు. కువైట్ నుంచి ప్రాణాలతో వస్తే రోజూ అక్కడ చెప్పులు మోస్తానని ఆయనా మొక్కుకున్నాడట. నేను ఇవ్వలేకపోయాను. రెండేళ్ళు పరాయి ఇంట్లో అందరి చెప్పులూ ఎత్తి సర్దింది నేను. నా చెప్పులు ఒకరు ఎత్తడం ఎరగను. ఆయనే వంగి తీసుకున్నాడు. వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, తుడిచి అరలో పెట్టాడు.

నీళ్ళ మధ్య గుడి, పాట, చలికి జివ్వుమనే పాలరాయి. తర్వాత భోజనానికి నేల మీద వరసగా కూర్చోబెట్టారు. పళ్ళెంలో పప్పు, పాయసం. రొట్టె పళ్ళెంలో వేయరు. మా ఆయన ఒక చెయ్యి చాపితే వడ్డించే పెద్దాయన రొట్టె ఇవ్వకుండా నవ్వుతూ ఆగాడు. పక్కవాళ్ళను చూసి నేను రెండు చేతులూ దోసిలి పట్టాను. అప్పుడు వేశాడు. తిన్నాక నా కాళ్ళు వాటంతటవే గిన్నెలు తోమే చోటికి పోయాయి. అక్కడ ఉన్ని శాలువాలు కప్పుకున్న ఆడవాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఎంగిలి పళ్ళాలు తోముతున్నారు. ఒకావిడ జరిగి జాగా ఇచ్చింది. జీతం లేకుండా ఎంగిలి గిన్నెలు తోమడం నాకు అదే మొదలు. చేతులు నొప్పి పుట్టలేదని అబద్ధం చెప్పను. నొప్పి పుట్టాయి.

బయట సందుల్లో సర్దార్జీ అన్నమాట ప్రకారం కుల్చాలు తినిపించాడు. మట్టి పొయ్యి గోడకు అంటించి కాల్చిన రొట్టెలు, లోపల బంగాళాదుంప, పక్కన శనగల కూర. పెద్ద గ్లాసులో లస్సీ. మా ఆయన మూడు తిన్నాడు. అన్నం మాట ఎత్తలేదు. నా మొక్కు మాట సర్దార్జీ ఎత్తలేదు.  కాదంటే కాదని చెప్పొచ్చు కదా, ఎందుకీ మౌనం అని నాకు విసుగొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం బండి. స్టేషన్‌కు ఆయనొక్కడే వచ్చాడు. బండి కదలబోయే ముందు సంచిలోంచి రెండు డబ్బాలు తీశాడు. రెండూ పాలపొడి డబ్బాలే. ఒకటి కొత్తది, ఇంకొకటి సొట్టలు పడ్డది.

"ఇది మీరు దారిలో తినడానికి" అని కొత్తది మా ఆయనకు ఇచ్చాడు. సొట్టలది నా చేతిలో పెట్టాడు. "ఇది మీ దేవుడికి."



"కత్తి పెట్టినవి కావు. వాటంతటవి రాలినవి. నేను పోయినప్పుడు నాతోపాటు కాల్చమని మా ఆవిడకు చెప్పి ఉంచాను. నావే. ఇంక మీ దేవుడు నిన్నేమీ అడగడు."

"కోపం రాలేదా సర్దార్జీ?"

"వచ్చింది. మొన్న రాత్రంతా ఉంది" అన్నాడు. "నిన్న పొద్దున నీ చెప్పులు చేతిలోకి తీసుకున్నాను. అవే చెప్పులు. మడమ దగ్గర ఇంకా కాలిన గుర్తుంది. నా కోసం నువ్వు ఎండలో నిలబడింది వీటిలోనే కదా అనుకున్నాను."

బండి కదిలింది. ఆయన నాలుగడుగులు పక్కనే నడిచి ఆగిపోయాడు.

రేణిగుంటలో దిగి ఇంటికి పోకుండా నేరుగా కొండకు పోయాం. మెట్లెక్కే ఓపిక లేక బస్సెక్కాం. గుండ్లు కొట్టే చోట ఒక పెద్దాయన ముందు కూర్చుని డబ్బా మూత తీశాను.

"ఎవురివమ్మా ఇవి?"

"మా అన్నవి."

"ఆయన రాలేదా?"

"ఆయనకు కత్తి తగలకూడదు నాయనా. ఊడినవే పంపించినాడు."

ఆయన నా ముఖం ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా నీళ్ళు చల్లి వెంట్రుకల చుట్టలు గంపలో వేసుకున్నాడు. డబ్బా బోర్లించి తట్టాడు. అడుగు నుంచి గుప్పెడు ఇసుక జారింది. "ఇసక కూడా ఉందే తల్లీ" అన్నాడు. ఆ రోజు గోడ ముందు సర్దార్జీ పిడికిళ్ళతో ఎత్తుకున్న ఇసుక అది. నేను తిడుతుండగా ఎత్తుకున్న ఇసుక.

అక్కడే, ఆ తడి నేల మీదే కూర్చుని ఏడ్చాను. ఆగస్టు నుంచి ఏడ్చింది అదే మొదటిసారి.  మా ఆయన పక్కన చతికిలబడి, కొత్త డబ్బా మూత తీసి, గోధుమపిండి, నెయ్యి, బెల్లం కలిపి సర్దార్జీ భార్య చుట్టిన ఉండల్లో చివరిది బయటికి తీశాడు. దారి పొడుగునా తింటూ వచ్చినవాడు అది మాత్రం ఎందుకో మిగిల్చాడు.

"తినుమే" అన్నాడు.

రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకున్నాను.